శీతరాజుగారిని పొమ్మనడం

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఆ రోజులంటే మరీ తాతలనాటివేమీ కావు లెండి. చేతిలో సెల్‌ఫోనూ, నెత్తిన జుట్టూ రెండూ ఉన్న రోజులు. (ఇప్పుడు మొదటిది మాత్రమే కొత్తది కొనుక్కోగలిగాను.) ఇంగ్లీషు సాహిత్యంలో ఎమ్మే చేసి, ఆపైన బీయీడీ కూడా చేసి, ఇంత చదివినవాడికి ఉద్యోగం ఇవ్వడానికి ఎవరూ సాహసించకపోవడం వల్ల రాజోలులో మా ఇంటి అరుగు మీద కూర్చుని దేశం గురించి ఆలోచిస్తూ ఉండేవాణ్ణి. అలాంటి సమయంలో మా మేనత్త వచ్చి, అమలాపురం వెళ్ళే దారిలో ఓ కొబ్బరితోటలో కొత్తగా బడి పెట్టారనీ, అక్కడ పుస్తకాలుండవనీ, పరీక్షలుండవనీ, బెత్తం అసలే ఉండదనీ చెప్పి, "నీలాంటివాడికి సరిగ్గా సరిపోద్దిరా" అంది. అది పొగడ్తో కాదో నేను తేల్చుకునేలోపే ఉద్యోగంలో చేరిపోయాను.

అది వాల్డోర్ఫ్ బడి. ఆ పద్ధతి పుట్టింది జర్మనీలో. కోనసీమకి ఎలా వచ్చిందంటే, తోట గల ఆవిడ ఎక్కడో ఆ చదువు చెప్పడం నేర్చుకుని వచ్చి, పుట్టింటివాళ్ళిచ్చిన కొబ్బరితోటలో కొన్ని పాకలు వేసి మొదలుపెట్టారు. ఆవిణ్ణి అందరం అక్కయ్యగారనే పిలిచేవాళ్ళం. రోజూ పొద్దున్నే మాస్టారు గుమ్మంలో నిలబడి ఒక్కొక్క పిల్లకీ చెయ్యి కలిపి, కళ్ళలోకి చూసి, లోపలికి పంపాలి. పాఠాన్ని కథగా చెప్పాలి, అదీ చేతిలో కాగితం లేకుండా. అక్షరం ముందు బొమ్మగా రావాలి, తరువాత అక్షరం కావాలి. చదవడానికి తొందరేమీ లేదు, పాలపళ్ళు ఊడి కొత్తవి వచ్చాక చూసుకోవచ్చునని అక్కయ్యగారి నమ్మకం. (బీయీడీలో మాకు పళ్ళ గురించి చెప్పలేదు.) ఈలోగా పిల్లలు ఊలుతో అల్లికలు అల్లుతారు, పిల్లనగ్రోవి ఊదుతారు, తడికాగితం మీద రంగులు పారిస్తారు. అన్నిటికన్నా విచిత్రం, రెండో తరగతి పిల్లల్ని నాకప్పగించి, వీళ్ళు ఎనిమిదో తరగతి దాటేదాకా మీరే వీళ్ళ మాస్టారన్నారు. పెళ్ళిలో కూడా అంత ఖచ్చితంగా ఎవరూ మాట్లాడరు.

పద్ధతిలో లోపం లేదు గాని, అది చలిదేశంలో పుట్టిందన్న సంగతి అప్పుడప్పుడు బయటపడుతూ ఉండేది. తేనెమైనం సంగతే చూడండి. గట్టిగా ఉండే మైనపు బిళ్ళని పిల్లలు అరచేతుల్లో పెట్టుకుని, ఓపిగ్గా వేడిచేసి, మెత్తబడ్డాక దానితో బొమ్మలు చెయ్యాలి. దానివల్ల ఓర్పు అలవడుతుంది. మార్చి నెల కోనసీమలో మైనం డబ్బా మూత తీసేసరికే మెత్తబడి ఉండేది. ఓర్పు అంతా బొమ్మ నిలబడడం కోసం పట్టాల్సి వచ్చేది. "ఇదేంటమ్మా?" అని అడిగితే, "పిచ్చుకండీ మాస్టారూ, ఎండకి పడుకుందండీ" అని జవాబు. కాసేపటికి అదే బొమ్మని ఇంకొకళ్ళకి కప్పగా, ఆ తరువాత అట్టుగా పరిచయం చేసేవారు. నేను అన్నిటికీ బాగుందనేవాణ్ణి. నిజానికి బాగానే ఉండేవి.

ఆ పిచ్చుక చేసిన పిల్ల పేరు మనకి బుజ్జమ్మ అనుకుందాం. నా తరగతిలో కథ ఒక్కసారి వింటే మర్నాడు కామాతో సహా తిరిగి చెప్పగలిగే పిల్ల ఆమె ఒక్కతే. నేను కథ మధ్యలో ఏదైనా మరిచిపోయి ఆగితే, నాకు చిన్నతనం కలగకుండా చాలా నెమ్మదిగా, "గుర్రం దిగేడండీ" అని అందించేది. అందరినీ అండీ అనే పిల్ల. నీళ్ళ కుండనొక్కదాన్నే అనేది కాదు. అయితే చదవడం మాత్రం రాదు. ఒక్క ముక్క రాదు. ఇందులో మాకెవరికీ కంగారు లేదు, ఎందుకంటే ముందుపళ్ళు రెండూ ఇంకా సగమే వచ్చాయి. కంగారు పడ్డది వాళ్ళ తాతగారు.

ఆ తాతగారు రాజోలులో రిటైరైన హెడ్మాస్టరుగారు. వాళ్ళ ఇంట్లో మూడు తరాలుగా అందరూ టీచర్లే. చర్చిలో ఆదివారం బైబిలు వాక్యం చదివేది కూడా ఎప్పుడూ ఆ ఇంటివాళ్ళే. ఏడో ఏడు నిండిన పిల్ల ఎవరైనా బల్ల ఎక్కి గట్టిగా వాక్యం చదవాలని ఆ ఇంటి ఆనవాయితీ. ఇంకో సంగతి కూడా చెప్పాలి. నేను ఆయన బడిలోనే చదువుకున్నాను. ఆయన వరండాలో నడుస్తుంటే చెప్పుల చప్పుడుకి తరగతి తరవాత తరగతి నోరు మూసుకోవడం దూరం నుంచే వినిపించేది. ఎమ్మే చేశాక ఆ భయం పోయిందనుకున్నాను. మార్చిలో ఓ రోజు తేనెమైనం పాఠం జరుగుతుండగా ఆయన గుమ్మంలో కనిపించేసరికి, నేనే ముందు లేచి నిలబడ్డాను. పిల్లలు మాత్రం కూర్చునే ఉన్నారు.

"ఏరా, నువ్వా ఇక్కడ?" అన్నారు.

"ఆయ్, నేనేనండి."

"వీళ్ళెవరూ లేవరేంటి?"

"చేతులకి మైనం ఉందండి."

ఆయన ఆ కారణాన్ని కాసేపు చూసి, పక్కనున్న స్టూలు మీద కూర్చున్నారు. అవి లెంటు ఉపవాసాల రోజులు. ఈస్టరు దాకా ఆయన టీ మానేస్తారు. దాంతో దేవుడికి దగ్గరవుతారు గాని మనుషులకి కొంచెం దూరమవుతారు. జేబులోంచి ఆ రోజు పేపరు తీసి మనవరాలి ముందు పరిచి, పెద్ద అక్షరాల వరసని వేలుతో చూపించారు. బుజ్జమ్మ ఎంతో శ్రద్ధగా చూసి, "ఇది చిలక, ఇది నత్త, ఇది నాకింకా చెప్పలేదు" అంది. ఆ తరవాత ఇంకా శ్రద్ధగా ఆయన వైపు చూసి, "తాతయ్యా, నువ్వు నా నెమలి మీద కూచున్నావు" అంది. (లోకంలో ఆమె నువ్వు అనే మనిషి ఆయనొక్కరే.) ఆయన లేచారు. నెమలి కూడా ఆయనతోపాటు లేచింది, తెల్లటి పంచెకి అతుక్కుని.

అక్కయ్యగారు వచ్చి మర్యాద చేశారు. హెడ్మాస్టరుగారు ఆవిడతో ఎంతో గౌరవంగానే అన్నారు: "చూడండమ్మా, మీ పద్ధతి మీది, కాదనను. కాని పిల్లకి అక్షరం ముక్క రాలేదు. కాన్వెంటులో సీటు మాట్లాడేను. ఇప్పుడే తీసికెళ్ళిపోదును గాని, ఏదో నాటకంలో వేషం ఉందంట, ఇంట్లో అదే పాట. మీ వసంతోత్సవం అయ్యాక తీసికెళ్తాను." వెళ్తూ వెళ్తూ నా వైపు తిరిగి, "నువ్వు బానే చదివేవాడివి కదరా" అన్నారు. అంతకన్నా బెత్తమే నయం.

ఆ రాత్రి నేను అన్నం సరిగ్గా తినలేదని మా అమ్మ చెప్పగా తెలిసింది. తరగతిలో ఓ పిల్ల తగ్గితే ఏమైంది, ఇంకా బోలెడుమంది ఉన్నారు అని నాకు నేనే చెప్పుకున్నాను. కాని రేపు కథ మధ్యలో ఆగితే, గుర్రం దిగేడో లేదో చెప్పేదెవరు? ఇక మిగిలింది వసంతోత్సవం ఒక్కటే. అది గొప్పగా జరిగితే ఆయన మనసు మారుతుందని ఓ ఆశ. నాటకాన్ని ఆ కొసకి తీసుకెళ్ళే బాధ్యత నామీద ఉందన్నది అందులో బలహీనమైన భాగం.

నాటకం కూడా చలిదేశం నుంచి వచ్చిందే. అక్కడ ప్రతి వసంతంలోనూ పిల్లలు వేసేదట. కథ చిన్నది. శీతరాజు లోకాన్నంతా మంచుతో కప్పి పీడిస్తూ ఉంటాడు. వసంతరాణి వచ్చి, "నీ గడువు తీరింది, పో!" అని అతణ్ణి తరిమేస్తుంది. అప్పుడు పువ్వులన్నీ బయటికొచ్చి ఆడతాయి. దీన్ని తెలుగు చేసింది నేనే. ఓ సాయంత్రంలో చేసేసి, మంచు గురించి నాలుగు చరణాలు స్వయంగా కూడా కలిపాను. మంచుని నేను చూసింది ఫ్రిజ్‌లో.

శీతరాజు వేషం ఒడ్డూ పొడుగూ చూసి ఓ పిల్లాడికిచ్చాం. వాళ్ళది అంతర్వేది వైపు, నాన్నకి రొయ్యల చెరువులు. అందుకని వాణ్ణి పిల్లలు ఐసుబాబు అనేవారు. బడిలో రోజూ ఐసు గడ్డలు చూసేవాడు వాడొక్కడే. మొదటి రిహార్సల్లోనే ఇబ్బంది మొదలైంది. "శీతరాజు చాలా చెడ్డవాడు" అని నేను వివరిస్తుంటే వాడు చెయ్యెత్తాడు.

"ఐసు చెడ్డదెలాగవుద్దండీ? ఐసు లేపోతే రొయ్యలు పాడైపోవాండీ?"

తరగతంతా ఆయ్ అంది. ఒకమ్మాయి లేచి, చలికాలంలో తమ ఇంట్లో ఫ్యాను లేకుండా పడుకుంటారనీ, మామిడికాయలు రావు గాని మిగతా అన్నీ బాగుంటాయనీ చెప్పింది. బయట ఎండ పాక సందుల్లోంచి లోపలికి గుచ్చుతోంది. ఎండని రా రమ్మని పిలిచే నాటకం వేయిస్తున్నానని నాకప్పుడే, చాలా నెమ్మదిగా, తెలిసివచ్చింది. అయినా ఎమ్మే చేసినవాణ్ణి కదా, కొనసాగించాను.

అసలు చిక్కు బుజ్జమ్మతో వచ్చింది. వసంతరాణి ఆమే. మాటలన్నీ ఒక్కరోజులో వచ్చేశాయి, నావి, మిగతావాళ్ళవి కూడా. ఒక్క మాట దగ్గరే ఆగిపోయేది.

"పో! అనాలమ్మా. గట్టిగా."

"వెళ్ళండి."

"వెళ్ళండి కాదు. పో."

"పెద్దాయన కదండీ మాస్టారూ. గెడ్డం ఉందండీ."

"గడ్డం ఉన్నా సరే. చెడ్డవాడు కదా."

"అయితే వెళ్ళి రండి."

"వచ్చేయకూడదమ్మా, అదే కదా కథ!"

దీనికి శీతరాజు కూడా ఏమీ సాయపడలేదు. గర్జించాల్సిన చోట, "ఆయ్, నేనేనండీ శీతరాజుని" అని చేతులు కట్టుకుని నిలబడేవాడు. చివరికి నేను తరగతినంతా కూర్చోబెట్టి, మీరు ఇంట్లో ఎవరినైనా పో అంటారా అని అడిగాను. కుక్కనన్నారు. కోళ్ళనన్నారు. ఒకడు తమ్ముణ్ణన్నాడు. పట్టు దొరికింది కదా అని, "బుజ్జమ్మా, శీతరాజు మీ తమ్ముడనుకో" అన్నాను. "నాకు తమ్ముడు లేడండీ" అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి కూడా. ఒక మర్యాదగల పిల్లకి దురుసుతనం నేర్పడానికి జీతం తీసుకుంటున్న మాస్టారు జిల్లాలో నేనొక్కణ్ణే అయి ఉంటాను. రెండు వారాల చర్చల తరవాత, ఉభయులకీ కష్టం కలగకుండా, "పొండి" దగ్గర ఒప్పందానికొచ్చాం.

వసంతోత్సవం రోజున తోటలో కొబ్బరాకుల పందిరి వేశారు. స్తంభాలకి మామిడి మండలు, వేపపూత. రెండు దుప్పట్లు కుట్టి చేసిన తెర. దాని తాడు నా చేతిలో. ముందువరస కుర్చీలో హెడ్మాస్టరుగారు, చేతులు కట్టుకుని, టీ లేని ముఖంతో. పిల్లనగ్రోవులు అవీ అయ్యి మా నాటకం మొదలయ్యేసరికి పొద్దెక్కిపోయింది. పిల్లలు ఏడాదంతా అల్లిన ఊలు ముక్కల్ని కలిపి కుట్టిన కోటు తొడుక్కుని, దూది గడ్డంతో ఐసుబాబు రంగం మీదికొచ్చాడు. "నేను శీతరాజుని! నా ఊపిరి తగిలితే లోకం గడ్డకట్టిపోద్ది!" అన్నాడు. మొదటిసారి గట్టిగానే అన్నాడు. జనంలోంచి ఓ మామ్మగారు, "ఇటోపాలి ఊదు నాయనా, చచ్చిపోతన్నాం" అంది. పందిరంతా నవ్వు. అక్కణ్ణించి నాటకం నా చేతిలోంచి జారిపోవడం మొదలుపెట్టింది.

మామిడిపూత కిరీటంతో వసంతరాణి వచ్చింది. చేతిలో, మొక్కలకి నీళ్ళు పోసే చెంబుకి బదులుగా నేను ఏర్పాటు చేసిన కొబ్బరిబొండం. "శీతరాజుగారూ! ఇది నా రాజ్యం. మీ గడువు తీరింది" అంది చక్కగా. అని, ఆగింది. ఎదురుగా శీతరాజు ఆ ఊలు కోటులో చెమటతో తడిసి ముద్దయి, గడ్డం మెళ్ళోకి జారి, కళ్ళు ఆర్పుతూ నిలబడి ఉన్నాడు. నేను తెర వెనకనించి "పొండి" అన్నాను. ఆమె కదల్లేదు. "పొండి, పొండి" అన్నాను. నా గొంతు విని వెనక వరసలో ఎవరో లేచి వెళ్ళబోయారు కూడా.

బుజ్జమ్మ బొండం ముందుకి చాపింది. "ఎండ బాగా ఉందండీ. కూర్చోండి. ఇది తాగండి ముందు."

శీతరాజు నా వంక చూడనైనా చూడకుండా చతికిలబడి తాగడం మొదలెట్టాడు. తాగి, నోరు తుడుచుకుని, "ఇంకోటుందాండీ?" అన్నాడు.

ఇక నాటకానికి ముందుకెళ్ళే దారి లేదు. శీతరాజు వెళితే గాని పువ్వులు రాకూడదు. తెర వెనక మల్లెలూ కనకాంబరాలూ నా చొక్కా పట్టుకుని గుంజుతున్నాయి. "మాస్టారండీ, ఆయన వెళ్ళేరాండీ? మేం వచ్చేయమంటారా?" "లేదమ్మా, ఇంకా తాగుతున్నారు" అన్నాను. (వాడికి నేను కూడా గౌరవం ఇవ్వడం మొదలెట్టాను.) అక్కయ్యగారు ఓ స్తంభాన్ని ఆనుకుని కళ్ళు మూసుకున్నారు, ధ్యానం కావచ్చు. నేను హెడ్మాస్టరుగారి వైపు చూశాను. ఆ ముఖంలో కాన్వెంటు గేటు స్పష్టంగా కనిపించింది. పిల్ల వెళ్ళిపోయిందనుకున్నాను.

అప్పుడు బుజ్జమ్మ రంగం అంచుదాకా వచ్చి, వాళ్ళ తాతగారితో, పందిరిలో ఇంకెవరూ లేనట్టు మాట్లాడింది. "తాతయ్యా, ఇంతసేపు కూచోబెట్టి పొమ్మంటే బాగోదు. మనింటికి తీసికెళ్దామా? అన్నం తిని వెళ్తారు."

ముఖాలన్నీ ముందువరస వైపు తిరిగాయి. ఆయన లేచారు. కండువా సర్దుకుని రంగం దగ్గరికి నడిచారు. పిల్ల చెయ్యి పట్టుకుని తీసుకుపోతారని నేను తాడు వదిలేశాను. తెర సగం పడి ఆగింది. ఆయన ఐసుబాబు ఎదుట నిలబడి, రెండు చేతులూ జోడించి, "దయచెయ్యండి బాబూ. పప్పూ అన్నమేనండి. లెంటు రోజులు, మరేం అనుకోకండి" అన్నారు.

"ఆయ్, పర్లేదండి" అన్నాడు శీతరాజు. ఆయన చెయ్యి పట్టుకుని దిగి, వెళ్ళి ముందువరసలో పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఇక నన్నెవరూ అడగలేదు. పువ్వులన్నీ ఒక్కసారి తెర కిందనించి దూరి రంగం మీద పడ్డాయి. వసంతం వచ్చింది. హెడ్మాస్టరుగారు కండువాతో శీతరాజుకి విసురుతూ చివరిదాకా చూశారు.

జనం వెళ్ళాక నన్ను పిలిచారు. మామిడిచెట్టు కింద చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"ఆ అన్నం మాట నువ్వు రాసేవా?"

"లేదండి. తనే అందండి."

"అనుకున్నాను. నీకంత ఎక్కడిది." కండువాతో మెడ తుడుచుకున్నారు. "నా సర్వీసంతా నాటకాలు వేయించేను. నేను రాసిచ్చిన మాట ఒక్క పిల్లా మార్చలేదురా. నేను తెర వెనకాల ఉన్నానని తెల్సు కదా మరి. ఇదేమో నువ్వక్కడ గొంతు చించుకుంటంటే నీ వంకైనా చూళ్ళేదు."

"అంటే నేనంటే భయం లేదనాండీ?"

"అదే కదా చెప్తన్నాను." చెట్టు వైపు చూస్తూ అన్నారు. "ఇంకో ఏడు ఇక్కడే ఉండనీ. అక్షరాలు ఎక్కడికి పోతాయి. పెద్దగా సంతోషపడకు, ఏడాదే."

ఆ ఏడాది ఎనిమిదో తరగతి దాకా సాగింది. బుజ్జమ్మ పళ్ళు పూర్తిగా వచ్చాయి, వాటి వెనకే చదువూ వచ్చింది. అనుకున్నదానికి రెండేళ్ళు ఆలస్యంగా చర్చిలో బల్ల ఎక్కి వాక్యం చదివింది. నేను వెనక బెంచీలో కూర్చుని, ఆగుతుందేమో అందిద్దామని ఎదురు చూశాను గాని ఎక్కడా ఆగలేదు. ఇప్పుడు అమలాపురంలో ఇంటరు చదువుతోంది. పుస్తకం చేతిలో ఉంటే అన్నానికి పిలిచినా రాదని తాతగారి ఫిర్యాదు. దానికి కూడా మా బడే కారణమట.

మా నాటకం మాత్రం మళ్ళీ పాత దారికి రాలేదు. శీతరాజుని పొమ్మనే నాటకం వెయ్యడానికి ఏ తరగతీ ఒప్పుకోలేదు. వసంతరాణి కూర్చోమంటుంది, బొండం ఇస్తుంది, ఏటా హెడ్మాస్టరుగారే వచ్చి భోజనానికి తీసుకెళతారు. ఓసారి ఎక్కడినించో వచ్చిన విదేశీ టీచరమ్మ ఇదంతా చూసి, శీతరాజు చివరికేమయ్యాడని అక్కయ్యగారిని అడిగింది. "భోజనానికెళ్ళేరండి" అన్నారు అక్కయ్యగారు, ఇందులో అడగడానికేముందన్నట్టు.

మొన్న జరిగిన ఉత్సవానికి శీతరాజు వేషం వెయ్యాల్సిన పిల్లాడికి ఆటలమ్మ పోసింది. వేరే పిల్లాణ్ణి తయారుచేసే వ్యవధి లేదు. కోటు ఎవరికి పడుతుందని చూస్తే, ఏటేటా ముక్కలు కలుపుతూ పోవడం వల్ల అది నాకు సరిపోయింది. (నేను కూడా ఏటేటా ఆ దిశగానే పని చేస్తున్నాను.) దూది గడ్డం పెట్టుకుని, ఆ ఎండలో రంగం మీద కూర్చుని, ఓ బుల్లి వసంతరాణి ఇచ్చిన బొండం తాగాను. ఆ పిల్ల ముందువరస వైపు తిరిగి, "తాతగారండీ, ఈయన్ని మీ ఇంటికి తీసికెళ్తారాండీ?" అంది.

హెడ్మాస్టరుగారికి ఇప్పుడు కర్ర లేనిదే లేవడం కష్టం. కళ్ళజోడు పైనుంచి నన్ను చాలాసేపు చూశారు. "వీణ్ణా?" అన్నారు. పందిరంతా నవ్వారు. ఆయన మళ్ళీ చూశారు. "వీడు నాకు ముందే తెలుసమ్మా" అన్నారు. మళ్ళీ నవ్వారు. నేనూ నవ్వాను గాని, చెప్పొద్దూ, ఇంత వయసొచ్చి, జుట్టు పోయి, అంతమంది పిల్లల్ని పైకి పంపించినవాణ్ణి, తీసుకెళ్ళరేమోనని లోపల నిజంగానే కంగారు పడ్డాను. ఆయన కర్ర ఊతంగా మెల్లిగా లేచి, నాలుగడుగులు వేసి, రెండో చెయ్యి నా వైపు చాపారు.

పిల్లలందరికీ దయచెయ్యండి అని చెప్పే మనిషి, నన్ను మాత్రం "రారా" అన్నారు.

గడ్డం సర్దుకుని, ఆయ్ అన్నాను.